ఆరు డాలర్ల సీసాలో రెండో తప్పు

ఆర్విల్ ట్వెట్ గారికి ఈ భూప్రపంచంలో ఒకే ఒక్క బాధ ఉండేది. మోకాళ్ళ నొప్పి కాదు, కుడి చెవి వినపడకపోవడం కాదు, డెబ్బై ఆరేళ్ళు మీద పడటం అంతకన్నా కాదు. డెల్లా క్రోగ్ తయారుచేసే రూట్ బీరు సీసా ఆరు డాలర్లు కావడమే ఆ బాధ. దాన్ని ఆయన పెళ్ళిళ్ళలో చెప్పాడు, సమాధుల దగ్గర చెప్పాడు, పళ్ళ డాక్టరు నోట్లో గొట్టం పెట్టి ఉండగా కూడా చెప్పాడు. ఒక ఆదివారం పాస్టరుగారు "మన గుండెల్లోని భారాలను మౌనంగా ప్రభువు ముందు పెడదాం" అని కళ్ళు మూసుకున్నారో లేదో, వెనక వరసలోంచి "ఆరు డాలర్లు" అని స్పష్టంగా వినిపించింది.

నాకు ఇదంతా ఎలా తెలుసంటే, మా ఊరు వెల్బీలో ఇనప సామాన్ల కొట్టు నాది. కొట్టు ముందున్న బల్ల ఆయనది. అంటే ఆయన కొన్నాడని కాదు, ఆయన లేవడు కాబట్టి ఆయనదైపోయింది. వీధికి అవతల పాత చీజ్ ఫ్యాక్టరీ. అందులో ఆయన ముప్పై నాలుగేళ్ళు చీజ్ పరీక్షించే ఉద్యోగం చేశాడు. గొట్టంలాంటి కత్తిని గుండ్రటి చీజ్ దిమ్మలో గుచ్చి, బయటికి వచ్చిన ముక్కని వాసన చూసి, నమిలి, ఉమ్మేసి, కాగితం మీద తప్పులు రాయడం ఆ ఉద్యోగం. ఫ్యాక్టరీ మూతపడింది గాని ఆ నాలుక మూతపడలేదు.

ఐదేళ్ళు ఖాళీగా ఉన్న ఆ ఫ్యాక్టరీ ముందు గదుల్ని ఒక ఏప్రిల్లో డెల్లా అద్దెకు తీసుకుంది. పక్క ఊరి పిల్లే, నలభైకి దగ్గర పడుతోంది. మిల్వాకీలో ఏదో ఆఫీసులో పదిహేనేళ్ళు ఫోన్లకి జవాబులు చెప్పి, ఒకరోజు ఫోను పెట్టేసి వచ్చేసింది. వాళ్ళ అమ్మమ్మ వంటింట్లో కాచిన రూట్ బీరుని మళ్ళీ కాయాలని ఆమె కోరిక. పేరులో బీరు ఉందన్న మాటే గాని అందులో మత్తు చుక్క కూడా లేదు. మా వైపు పళ్ళు రాని పిల్లల నుంచి పళ్ళు ఊడిన తాతల దాకా ఎండాకాలమంతా తాగేది అదే.

మే నెలలో కొట్టు తెరిచిన మొదటి శనివారం ఆర్విల్ వీధి దాటి వెళ్ళాడు. తమాషా చూద్దామని నేను కూడా వెంట వెళ్ళాను.

"ఎంతమ్మాయ్?"

"ఆరు డాలర్లండీ."

"డజనా?"

"ఒకటండీ."

ఆర్విల్ సీసాని కిటికీ వెలుగులోకి ఎత్తి, అడుగున ఉంగరమేమైనా పడి ఉందేమోనని చూశాడు.

"సూపర్ మార్కెట్లో రెండు లీటర్ల సీసా డాలరున్నర," అన్నాడు.

"తెలుసండీ. అందులో ఉండేది చక్కెర, రంగు, సీసా మీద బొమ్మ. ఇందులో సుగంధి వేరు, బర్చి చెట్టు బెరడు, అతిమధురం, శొంఠి, తేనె వేస్తాను. రాగి గంగాళంలో ఆరు గంటలు కాస్తాను."

"అంటే గంటకి ఒక డాలరన్నమాట. ఆరు డాలర్లకి మా నాన్న కోడిపెట్టని కొన్నాడు. అది గుడ్లు పెట్టింది. ఇదేం పెడుతుంది?"

డెల్లా డబ్బులకి చెయ్యి చాపింది. ఆర్విల్ జేబులోంచి నోట్లు తీసి, కన్నకూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు ఒక్కొక్కటే సాగనంపాడు. తర్వాత ఒక గుక్క నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, బుగ్గలు ఇటూ అటూ కదిపి, చాలాసేపటికి మింగాడు.

"అతిమధురం ఎక్కువైంది. దగ్గుమందులా ఉంది. దీనికి ఆరు డాలర్లా?"

ఇక ఈ మనిషి ఈ గడప తొక్కడనుకున్నాను. తరవాతి శనివారం తలుపు తీయకముందే వెళ్ళి నిలబడ్డాడు.

ఇక్కడ మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. ఎదటి మనిషి మొహం మీద తప్పు చెప్పడం మా దగ్గర చొక్కా లేకుండా చర్చికి రావడంతో సమానం. ఎవరైనా వండిపెట్టింది బాగుంటే "బాగుంది" అంటాం. బాగోకపోతే "చాలా బాగుంది" అంటాం. బొత్తిగా మింగుడు పడకపోతే "ఎలా చేశారో రాసివ్వండి" అంటాం. అలా రాయించుకున్న కాగితాలు మా ఇంట్లో ఒక రేకు డబ్బా నిండా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ పొయ్యి మొహం చూడలేదు.

డెల్లా దగ్గర మొదటి నెలలో ఊరంతా తలా ఒక సీసా కొన్నాం. నేను కూడా కొని, రెండు గుక్కలు తాగి, "చాలా బాగుందమ్మా" అని వచ్చాను. మిగిలిన సీసా రంగు డబ్బాల వెనక పెట్టాను. మే నెల చివర్లో డెల్లా మేకులకని నా కొట్టుకి వచ్చి, మేకులు తీసుకోకుండా నిలబడింది.

"పంతొమ్మిది మంది రాసివ్వమన్నారు, మార్లిస్ ఆంటీ," అంది. "నా పని అయిపోయింది."

"అదేంటమ్మా, నిజంగా నచ్చి అడిగి ఉంటారేమో."

"నేనూ ఈ చుట్టుపక్కలే పుట్టాను ఆంటీ."

మేకులు తూచి ఇచ్చాను.

"బాగోలేదని తెలుస్తోంది. ఏం బాగోలేదో ఒక్కరూ చెప్పరు. చెప్పేది ఆ ముసలాయన ఒక్కడు. ఆయనకేమో నేను నీళ్ళిచ్చినా తప్పే. అయినా సరే, ఈసారి అతిమధురం సగానికి తగ్గించేశాను. ఆయన నోరు మూయించడానికే చేశాను, ఇంకెందుకూ కాదు."

నోరు మూతపడలేదు. జూన్ మొదటి శనివారం ఆర్విల్ గుక్క పుక్కిలించి, సీసాని మోకాలి దగ్గర పట్టుకున్నాడు.

"దగ్గుమందు పోయింది, నొప్పుల మందు వచ్చింది. ఇది తాగాలా, మోకాలికి రాసుకోవాలా?"

"అది బర్చి బెరడు వాసనండీ. అమ్మమ్మ అలాగే వేసేది."

"మీ అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులేమో. ఆరు డాలర్లకి మా నాన్న దూడని కొన్నాడు."

"పోయినసారి కోడిపెట్ట అన్నారు కదండీ."

"ఆ డాలర్లు వేరు."

బెరడు తగ్గింది. జూన్ చివర్లో గొడవ నురగ మీదికి మళ్ళింది. గ్లాసులో పోసిన రూట్ బీరు మీద నురగ ప్రభువు ప్రార్థన మొదటి నుంచి చివరి దాకా చెప్పుకునేంతసేపు నిలబడాలని ఆయన సిద్ధాంతం. గ్లాసు ముందు పెట్టుకుని, టోపీ తీసి, చేతులు జోడించి మొదలుపెట్టేవాడు. "మా అనుదినాహారము" దగ్గరికి వచ్చేసరికి నురగ పడిపోయేది.

"చూశావా. అన్నం దగ్గరే చచ్చింది. మన పాపాల దాకా కూడా రాలేదు."

దారిన పోయే టూరిస్టులు ఎవరో ముసలాయన రూట్ బీరుకి దణ్ణం పెడుతున్నాడని ఫోటోలు తీసుకున్నారు. వాళ్ళు సీసా కొందామని లోపలికి అడుగు పెడితే, ఆర్విల్ గుమ్మానికి అడ్డం నిలబడి "ఆరు డాలర్లు, ముందే చెబుతున్నా" అని హెచ్చరించాడు. ఆ పూట డెల్లా నా కొట్టుకి రొప్పుకుంటూ వచ్చింది.

"ఆయన్ని ఆ బల్ల మీంచి లేపెయ్యండి ఆంటీ. కావాలంటే బల్ల నేను కొనుక్కుంటాను."

"ఆ బల్ల కొన్నా ఆయనతోపాటే వస్తుందమ్మా."

జూలైలో తేనె మాడిందన్నాడు. డెల్లా మంట తగ్గించింది. ఆరు గంటలు కాచేది ఎనిమిది గంటలు కాచింది. మా ఊరి హుల్డా మూయన్ అంత్యక్రియల భోజనంలో, బంగాళాదుంపల కూర వడ్డిస్తున్న వాళ్ళందరినీ ఆపి, "శొంఠి చివర్లో వెయ్యాలి, మొదట వేస్తే ఘాటు ఆవిరైపోతుంది, ఆ అమ్మాయికి ఎవరైనా చెప్పండి" అన్నాడు. అప్పటికి వాళ్ళ నాన్న కొన్న దూడ ఆవు అయింది, ఆవు పక్కన ఒక ఎద్దు కూడా చేరింది.

ఆగస్టు వచ్చేసరికి ఆయన గోల మరీ విడ్డూరంగా తయారైంది. శనివారం శనివారం వెళ్ళి, ఒక సీసా తాగి, ఏమీ అనకుండా బయటికి వచ్చి, బల్ల మీద కూర్చుని దిగాలుగా వీధి వైపు చూసేవాడు.

"ఏంటండీ, ఒంట్లో బాగోలేదా?" అని అడిగాను.

"ఆరు డాలర్లు," అన్నాడు.

అసలు చిక్కు ఆ నెలలోనే వచ్చింది. ఫ్యాక్టరీ గదుల ఓనరు ఆగస్టు ఆఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. చలికాలం పడవలు దాచుకోవడానికి ఎవరో ఆ గదులు అడుగుతున్నారట. ఏడాది పొడవునా నడుస్తుందని నమ్మకం కలిగిస్తే మాత్రం డెల్లాకే ఉంచుతానన్నాడు. నమ్మకం కలిగించాలంటే ఉన్నది ఒకే ఒక దారి. ప్రతి ఏడాది మా చర్చి తోటలో ఐస్ క్రీం విందు జరుగుతుంది. ఆరు ఊళ్ళ నుంచి నాలుగొందల మంది వస్తారు. రూట్ బీరులో ఐస్ క్రీం ముద్ద వేసి అందరికీ ఇస్తాం. ఇన్నేళ్ళూ సూపర్ మార్కెట్ సీసాలే తెచ్చేవాళ్ళం. ఈసారి తన రూట్ బీరు పొయ్యమని డెల్లా మహిళా సంఘానికి అర్జీ పెట్టుకుంది. ఆరు ఊళ్ళూ ఒక్కసారి తాగితే చాలు, గదులు నిలబడతాయి. లేకపోతే మళ్ళీ మిల్వాకీ, మళ్ళీ ఫోన్లు.

మంగళవారం పొద్దున పది గంటలకి మీటింగు. సోమవారం డెల్లా నా చేతులు పట్టుకుంది.

"ఆంటీ, ఒక్క సాయం చెయ్యండి. ఆర్విల్ గారు రేపు అక్కడికి రాకూడదు. ఆయన నోరు తెరిస్తే నేను బస్సెక్కాల్సిందే."

నిజమే అనిపించింది. బల్ల దగ్గరికి వెళ్ళి, "మీటింగు గురువారానికి మారిందండీ, చాలా మంచి రోజు కూడాను" అని ఆయనకి చెప్పి వచ్చాను. ఆయన తలూపాడు.

మంగళవారం చర్చి కింది గదిలోకి వెళ్ళేసరికి ముందు వరసలో మొదటి కుర్చీలో ఆర్విల్ కూర్చుని ఉన్నాడు. మెళ్ళో టై కూడా ఉంది.

"గురువారం అని చెప్పానుగా," అన్నాను.

"చెప్పావు. 'చాలా మంచి రోజు' అన్నావు చూడు, అప్పుడే అనుమానం వచ్చింది."

మహిళా సంఘం పెద్ద ఆర్డిస్ స్కోగెన్. మా ఊళ్ళో అందరికన్నా మర్యాద తెలిసిన మనిషి. వాళ్ళింటికి ఒకసారి దొంగ వస్తే కాఫీ ఇచ్చి పంపిందని చెప్పుకుంటారు. డెల్లా పన్నెండు కాగితం కప్పుల్లో రూట్ బీరు పోసి అందరి ముందూ పెట్టింది. ఎవరి కప్పు వాళ్ళు మర్యాదగా పట్టుకున్నారు. పెదాలకి తాకించారు. కింద పెట్టారు.

"చాలా బాగుంది," అంది ఒకావిడ.

"చాలా చాలా బాగుంది," అంది పక్కావిడ.

ఆర్డిస్ డెల్లా వైపు తిరిగి ప్రేమగా నవ్వింది. "ఎలా చేస్తావో రాసివ్వు తల్లీ," అంది.

డెల్లా సీసాలు ఒక్కొక్కటే పెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడు కుర్చీ కిర్రుమంది.

"ఆ ఆరు డాలర్ల సంగతి నేను మాట్లాడాలి," అంటూ లేచాడు ఆర్విల్.

డెల్లా కళ్ళు మూసుకుంది. నేను ఆయన కోటు పట్టుకుని లాగాను. కోటు నా చేతిలోకి వచ్చింది, ఆయన రాలేదు.

"మే నెల్లో ఇది దగ్గుమందు," అన్నాడు. "ఇక్కడున్న అందరూ తాగారు. అందరూ 'చాలా బాగుంది' అన్నారు. మళ్ళీ ఒక్కరూ ఆ గడప తొక్కలేదు. జూన్లో ఇది నొప్పుల మందు. తర్వాత నురగ అన్నం దగ్గర చచ్చేది. జూలైలో తేనె మాడింది, శొంఠి ముందే వేసింది. ఇవన్నీ ఈ పిల్ల మొహం మీదే చెప్పాను. తిట్టుకుంటూనే ఒక్కొక్కటీ సరిచేసింది. ఆర్డిస్, నీ కప్పు నిండుగానే ఉందే."

"నేను మే నెల్లో తాగానుగా అన్నయ్యా," అంది ఆర్డిస్ మెల్లిగా.

"అదే చెబుతున్నా. మా చీజ్ కాగితంలో 'బాగుంది' అని రాసే గడి ఉండదు. అన్నీ తప్పుల గడులే. ఏ గడిలోనూ ఏమీ రాయలేకపోతే ఆ చీజ్ మొదటి రకం. ముప్పై నాలుగేళ్ళలో అలాంటి కాగితాలు నేను నాలుగిచ్చాను. ఈ రూట్ బీరులో ఒక తప్పు ఉంది. ఆరు డాలర్లు. రెండో తప్పు కోసం ఆగస్టంతా శనివారం శనివారం వెతికాను. ఒకరోజు రెండు సీసాలు తాగాను, పన్నెండు డాలర్లు. దొరకలేదు. దొరక్కపోయేసరికి అన్నం సయించడం లేదు. మీలో ఎవరికైనా దొరికితే చెప్పండి, చచ్చి మీ కడుపున పుడతాను."

ఆర్డిస్ కప్పు తీసుకుని నిజంగా తాగింది. ఈసారి పెదాలకి తాకించడం కాదు, గటగటా తాగింది. కప్పు ఖాళీ అయింది. పక్కావిడ కప్పు కూడా తీసుకుని తాగింది. మా ఊళ్ళో అలాంటి పని ఎవరైనా చేయగా నేను చూడటం అదే మొదలు.

"బాగుంది," అంది.

ఒక్క మాటే. ఆ మాటకి డెల్లా పెట్టె మీద కూలబడి ఏడ్చేసింది. మా వాళ్ళందరూ మర్యాదగా గోడ మీద కేలెండరు వైపు చూశారు. తర్వాత చేతులెత్తమంటే పన్నెండు చేతులూ లేచాయి. ఆర్విల్ ఎత్తలేదు. "ధర ఎక్కువ," అన్నాడు. "ఆరు డాలర్లకి మా నాన్న పొలం కొన్నాడు."

అందరూ వెళ్ళిపోయాక ఆయనా నేనూ కుర్చీలు మడుస్తున్నాం.

"చూసిన వాళ్ళందరూ మిమ్మల్ని పిసినారి అనుకున్నారు," అన్నాను. "పిసినారి శనివారం శనివారం ఆరు డాలర్లు పోస్తాడా అని ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. ఎందుకండీ ఇదంతా?"

ఆయన చేతిలోని కుర్చీని గోడకి ఆనించాడు.

"మా తమ్ముడు ఎమిల్ పెట్టిన రొట్టెల కొట్టు గుర్తుందా?"

గుర్తులేకేం. రై పిండితో చేసిన నల్ల రొట్టె. ఒక్కటి కొని, ఒక ముక్క తిని, మిగిలింది కోళ్ళకి వేశాను. కోళ్ళు ఆలోచించి తిన్నాయి.

"సోంపు ఎక్కువయ్యేది," అన్నాడు ఆర్విల్. "మొదటి రోజే నాలిక్కి తెలిసిపోయింది. ఒక్క చెంచా తగ్గిస్తే చాలు. కొత్త కొట్టు, వాడి మొహం వెలిగిపోతోంది, ఎలా చెబుతాను? 'ఎలా చేశావో రాసివ్వరా' అన్నాను. నేనన్నాను ఆ మాట. ఊరంతా అన్నారు. ఏడు నెలల్లో మూసేశాడు. ఇప్పుడు అయోవాలో స్కూలు బస్సు నడుపుతున్నాడు. ఆ ఏడాది రోడ్డు తవ్వారు కాబట్టి కొట్టు పోయిందని ఇప్పటికీ అనుకుంటున్నాడు. ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళోవాళ్ళ చీజ్‌కి తప్పులు రాశాను మార్లిస్. సొంత తమ్ముడికి ఒక్కటి చెప్పలేకపోయాను."

నాకు నిజంగా సిగ్గేసింది. ఇంటికి వెళ్ళి రేకు డబ్బా వెతికితే ఎమిల్ చేతిరాత కాగితం దొరికింది. "సోంపు మూడు చెంచాలు" అని ఉంది. ఆ పూటే కొట్టులోకి వెళ్ళి రంగు డబ్బాల వెనక దాచిన సీసాని పారబోశాను.

అంతకు ముందు, చివరి కుర్చీ మడిచేటప్పుడు, ఒక మాట అడగకుండా ఉండలేకపోయాను. "ఇంతకీ ఆరు డాలర్లు నిజంగా ఎక్కువేనంటారా?"

"తాగినందుకైతే ఎక్కువే," అన్నాడు. "తిట్టినందుకైతే చవక."

ఐస్ క్రీం విందు ఆగస్టు చివరి ఆదివారం మధ్యాహ్నం. తోట నిండా బల్లలు, బల్లల నిండా ఆరు ఊళ్ళ జనం. గదుల ఓనరు మూడో గ్లాసు తాగుతూ, పడవల మాట ఎత్తడం మానేశాడు. డెల్లా ఒక గ్లాసుని తనే పట్టుకుని ఆర్విల్ దగ్గరికి వచ్చింది. ఊరికే ఇస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. డబ్బులిస్తే తప్ప తిట్టే హక్కు ఉండదని దెబ్బలాడి మరీ ఆరు నోట్లు ఆమె చేతిలో పెట్టాడు. టోపీ తీసి ప్రార్థన మొదలుపెట్టాడు. నురగ అనుదినాహారం దాటింది, పాపాలు దాటింది, ఆమెన్ దాకా నిలబడింది. అప్పుడు స్ట్రా పెట్టి ఒక పెద్ద గుక్క పీల్చి, కళ్ళు మూసుకున్నాడు.

"ఎలా ఉందండీ?" అని అడిగింది డెల్లా. చుట్టుపక్కల బల్లల మీద చెంచాలు ఆగిపోయాయి.

ఆర్విల్ కళ్ళు తెరిచాడు. కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"చాలా బాగుంది," అన్నాడు.

డెల్లా మొహం పాలిపోయింది. ఆర్డిస్ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"చాలానా?" అంది డెల్లా. "ఏమైందండీ? తేనె మాడిందా? మళ్ళీ బెరడు వాసనా?"

"లేదమ్మాయ్, నిజంగానే చాలా..."

"ఆర్విల్ గారూ, మీరు కూడా అలా అంటే నేనేమైపోవాలి? నిజం చెప్పండి."

ఆయన చుట్టూ చూశాడు. నన్ను చూశాడు. నేనేం చేస్తాను, డెబ్బై ఆరేళ్ళకి ఆ మనిషి మొదటిసారి మెచ్చుకుంటే నమ్మే నాథుడు లేడు. గ్లాసు ఎత్తి వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. ఉన్నట్టుండి ఆయన మొహం విప్పారింది.

"స్ట్రా పొట్టిది," అన్నాడు. "అడుగు దాకా అందడం లేదు. ఆరు డాలర్లు పుచ్చుకుని మనిషికి సరిపడా స్ట్రా ఇవ్వలేవా?"

బల్లల మీద చెంచాలు మళ్ళీ కదిలాయి.

"రేపే పొడుగువి తెప్పిస్తానండీ," అంది డెల్లా, కళ్ళు తుడుచుకుంటూ. "అన్నట్టు, ఈసారి ఆరు డాలర్లకి మీ నాన్నగారు ఏం కొన్నారో చెప్పనే లేదు."

"సగం జిల్లా," అన్నాడు ఆర్విల్, వంగి గ్లాసు అడుగుని గీరుకుంటూ.